హ్యాండ్‌బ్రేకు వైరు

కారు డోరు ప్యానెల్ ఊడదీయడంలో నరేందర్‌కు ఒక పద్ధతి ఉంది. స్క్రూలన్నీ తీశాక ప్లాస్టిక్ పట్టీని అంచున దూర్చి, చెవి దగ్గరగా పెట్టి, ఒక్కో క్లిప్పు టప్పుమని విడిచే చప్పుడు వింటూ పైకి పోతాడు. తొందరపడితే క్లిప్పు విరుగుతుంది. విరిగిన క్లిప్పు అప్పుడే ఏమీ అనదు, ఆరు నెలలు పోయాక గుంతల రోడ్డు మీద గలగలమంటూ కస్టమర్‌ను మళ్లీ దుకాణానికి లాక్కొస్తుంది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో కార్లకు స్టీరియోలు బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, బండిని చప్పుడు లేకుండా తిరిగి ఇచ్చేవాడు నరేందరేనని పేరు. పదహారేళ్లుగా అతను ఆ పేరు మీదే బతుకుతున్నాడు.

ఆ శుక్రవారం వచ్చిన తెల్ల కారు ఆత్మారాంది. బోధన్ అవతల చెరకు, పసుపు పండిస్తాడు. యాభై ఐదేళ్లుంటాయి. ఏది కొన్నా పదిమందికి చూపించుకోకపోతే నిద్రపట్టని మనిషి. ఆ చూపించుకునే గుణం వల్లనే బోధన్ వైపు నుంచి సగం బండ్లు నరేందర్ దుకాణానికి వస్తున్నాయి. కంపెనీవాళ్లు ఇచ్చిన చిన్న స్టీరియో ఆత్మారాం కంటికి ఆనలేదు. పది అంగుళాల తెర కావాలి, నాలుగు డోర్లకూ కొత్త స్పీకర్లు కావాలి, సీటు కింద గుండెకు తగిలేలా కొట్టే బేస్ డబ్బా కావాలి, రివర్సు కెమెరా కావాలి. నరేందర్ భార్య సుమన కౌంటర్లో కూర్చుని ఒక్కొక్కటే రాసుకుంది. సన్నటి చప్పుడు పలికే బుల్లి స్పీకర్లు కూడా అద్దాల పక్కన పెట్టించుకోమని ఆమే చెప్పింది. ఆత్మారాం వాటికీ సరేనన్నాడు.

పొద్దంతా పట్టింది ఆ పని. డాష్‌బోర్డు విప్పి, పాత స్టీరియోను అట్టపెట్టెలో పెట్టి, దాని మీద ఆత్మారాం పేరు రాసి అలమరలో పెట్టాడు నరేందర్. కొత్త సెట్టు వెనక వైర్లను విడదీశాడు. పసుపుపచ్చది బ్యాటరీకి, ఎర్రది తాళానికి, నల్లది బాడీకి. ఎక్కడ వైరు అతికినా మూడు మెలికలు తిప్పి, టంకం పెట్టి, పైన గుడ్డ టేపు చుట్టి, చివర్న వేలెడు తోక వదులుతాడు. రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే బ్లేడుతో గీకకుండా ఆ తోక పట్టి లాగొచ్చని. తన పని విప్పబోయే మనిషిని కూడా తలుచుకునే ఫిట్టరు నిజామాబాద్‌లో ఇంకొకడు లేడని సుమన ఎగతాళి చేస్తుంది.

సాయంత్రానికి తెర వెలిగింది. ఆత్మారాం జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. మనవరాలి మొదటి పుట్టినరోజు వీడియో, స్టూడియో నుంచి అప్పుడే తెచ్చుకున్నాడు. నరేందర్ దాన్ని పెట్టగానే బొమ్మ రావాల్సింది పోయి, బండి నడుస్తున్నప్పుడు వీడియో చూడరాదని నాలుగు మాటలు వచ్చాయి. ఆత్మారాం మొహం ముడుచుకుంది.

"నడిసేటప్పుడు గూడ బొమ్మ రావాలె నరేందర్. ఆగినంక సూసేటందుకు ఇంట్ల టీవీ లేదా నాకు?"

ఈ మాట అడగని కస్టమరు లేడు. కొత్త సెట్లన్నిటికీ లేతాకుపచ్చ వైరు ఒకటి వస్తుంది. దాన్ని హ్యాండ్‌బ్రేకు దగ్గరికి తీసుకుపోయి కలపాలి. బ్రేకు పైకి లాగి బండి నిలబెడితే వీడియో వస్తుంది, దించితే ఆగిపోతుంది. తయారుచేసినవాడు పెట్టిన బుద్ధి అది. ఫిట్టర్లు పెట్టిన బుద్ధి వేరు. హ్యాండ్‌బ్రేకు జోలికే పోకుండా ఆ ఆకుపచ్చ వైరును అక్కడే నల్ల వైరుకు కలిపేస్తారు. బండి వంద మీద పోతున్నా నిలబడే ఉందని సెట్టు నమ్ముతుంది. నిమిషం పని. నరేందర్ మూడు మెలికలు తిప్పాడు, టంకం పెట్టాడు, టేపు చుట్టాడు, తోక వదిలాడు.

తెర మీద గౌను వేసుకున్న పాప వచ్చింది. నాలుగు డోర్లలోంచీ సన్నాయి మోగింది. ఆత్మారాం మురిసిపోయాడు. తాళం తీసేస్తే ఎక్కడ ఆగిందో మళ్లీ పెట్టినప్పుడు అక్కడి నుంచే మొదలవుతుందని నరేందర్ చూపించాడు. కారు రోడ్డు మీదికి తిప్పి ఇచ్చాడు.

"ఇగ బేఫికర్‌గ సూస్కుంట పో అన్నా."

మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. ఆత్మారాం గొంతు బాగా తగ్గి ఉంది. పాత స్టీరియో ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా అని అడిగాడు. ఉందంటే, దాన్ని తీసుకుని వెంటనే బోధన్ రమ్మన్నాడు. పెద్ద తెర తీసి పాతది పెట్టాలన్నాడు. సెట్టులో ఏమైనా తేడా వచ్చిందా అని నరేందర్ అడిగితే, సెట్టు బాగానే ఉంది, వచ్చాక చెప్తానని పెట్టేశాడు.

నరేందర్ అట్టపెట్టెను బైకు వెనక కట్టుకుని బయల్దేరాడు. చెరకు నరుకుతున్న రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి చెరకు దూరం పోతోంది. ట్రాలీలు రోడ్డును సగం ఆక్రమించి నడుస్తున్నాయి. ఒక్కో ట్రాలీని దాటుకుంటూ పోతున్నంతసేపూ తన వైరింగులో ఎక్కడ తప్పు జరిగి ఉంటుందా అని లెక్కేసుకున్నాడు. ఫ్యూజు సరిగానే వేశాడు. ఎర్త్ గట్టిగానే బిగించాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

తాడు కట్టి లాక్కొచ్చిన కారు ఊరి చివర మెకానిక్ షెడ్డులో ఉంది. ముందు ఎడమ లైటు పగిలింది. బంపరు ఎడమ కొస లోపలికి పోయింది. ఎడమ పక్క అద్దం విరిగి వైరుకు వేలాడుతోంది. ఆత్మారాం రెండు రోజుల గడ్డంతో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం పొద్దుగూకక ముందే, వెలుతురు బాగా ఉండగానే, కందకుర్తిలో దర్శనం చేసుకుని ఒక్కడే వస్తున్నాడట. గంగుబాయి అనే ఆమె చెరకాకు మోపు నెత్తిన పెట్టుకుని ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం వచ్చిందట. కాలు రెండు చోట్ల విరిగింది. ఆటో మాట్లాడి, ఆమె మొగుణ్ని పిలిపించి, ఇద్దరినీ తనే నిజామాబాద్ సర్కారు దవాఖానకు పంపించాడు. రేపు పదకొండింటికి ఆర్టీవో ఆఫీసు నుంచి బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చూడడానికి వస్తున్నాడు. పెద్ద తెర కనిపిస్తే లేనిపోని మాటలు వస్తాయి. ఆమెకు అటూ ఇటూ కనిపించకుండా మోపు అడ్డం ఉందని ఊరంతా అంటున్నారు, ఆమె మొగుడు కూడా అదే అంటున్నాడు.

ఊరంతా అంటున్నారని ఆయన రెండుసార్లు చెప్పాడు.

నరేందర్ డ్రైవరు సీటులో కూర్చుని తాళం ఒక్క మెలిక తిప్పాడు. తెర వెలిగింది. అతను వేలు పెట్టలేదు, ఏదీ నొక్కలేదు. సన్నాయి నడుమలోంచి అందుకుంది. పాప కేకు ముందు కూర్చుని రెండు చేతులూ ఎత్తింది. తెర కింద గీత మీద పదకొండు నిమిషాల నలభై రెండు సెకన్లని ఉంది. ఆదివారం సాయంత్రం కరెంటు తెగిన చోటు నుంచి సెట్టు మళ్లీ మొదలుపెట్టింది. ఈ సంగతి నరేందర్ పదిమందికి గొప్పగా చెప్పుకున్నదే.

ఆత్మారాం కిటికీ బయట నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కాసేపు పాపనే చూశారు. తర్వాత ఆత్మారాం లోపలికి చెయ్యి పెట్టి సన్నాయి చప్పుడు తగ్గించాడు. ఆపేయలేదు, తగ్గించాడంతే.

నరేందర్ దిగి బండి చుట్టూ తిరిగాడు. కుడివైపు గీత కూడా లేదు. విరిగిన ఎడమ అద్దానికీ డోరుకూ మధ్య సందులో చెరకాకు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఎడమ చక్రాల మడత నిండా రోడ్డు పక్క ఎర్రమట్టి. అడ్డం వచ్చిన మనిషి బంపరు నడుమన తగలాలి. ఈమె అంచున తగిలింది. పైగా బండి చక్రమే తారు దిగి మట్టిలోకి పోయింది. ఇది చెప్పడానికి ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు, రోజూ బండ్ల మధ్య బతికేవాడికి తెలిసిపోతుంది. ఎటు నుంచి వచ్చింది అన్నా అని అడిగాడు. ఆత్మారాం మట్టి వైపు చూసి, సరిగ్గా యాదికి లేదన్నాడు.

అయినా నరేందర్ పని చేశాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి సిగ్గనిపించిన సంగతి ఇదే, తన చేతులు ఆగలేదు. అలవాటైన చేతులు కావడంతో డాష్‌బోర్డు పట్టీ విప్పాయి, స్క్రూలు తీసి అరచేతిలో పోశాయి, తెరను ముందుకు లాగాయి. లేతాకుపచ్చ వైరూ నల్ల వైరూ కలిసిన చోట టేపు తోక బయటికి ఉంది. పట్టి లాగితే టేపంతా సులువుగా ఊడొచ్చింది, లోపలి అతుకును కత్తెరతో తుంచాడు. పదిహేను నిమిషాల్లో పాత స్టీరియో తన చోట కూర్చుని రేడియోలో పంటల ధరలు చెప్పడం మొదలుపెట్టింది. తీసిన తెరను, దాని వైరుకే వేలాడుతున్న పెన్‌డ్రైవ్‌తో సహా, నరేందర్ సంచిలో వేసుకున్నాడు.

పోయేముందు ఆత్మారాం ఒక పండ్ల సంచీ, మడిచిన కాగితమూ ఇచ్చాడు. తను పోతే దవాఖానలో మాటలు పెరుగుతాయని, ఎలాగూ నిజామాబాద్ పోతున్నావు కాబట్టి గంగుబాయి మొగుడు సాయన్నకు ఇచ్చి సంతకం చేయించి రేపు తెమ్మని అడిగాడు. రాజీ కాగితం. నరేందర్ దాన్ని కూడా తీసుకున్నాడు.

దవాఖానలో గంగుబాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద ఎత్తి పెట్టారు. సాయన్న మంచం పక్క నేల మీద కూర్చున్నాడు. ఆత్మారాం పంపాడని తెలియగానే లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. అడగకుండానే భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల నుంచి మోపులు మోస్తోంది, రోడ్డు చూసుకోవడం రాలేదు. ఇంటి దగ్గర రెండు బర్రెలు పక్కింటోళ్ల పాలయ్యాయి, వాళ్లెన్నాళ్లు పిండుతారు. పెద్దమనుషుల బండికి తగిలింది కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే రోడ్డు మీద వదిలేసి పోయేవాడు. కొత్తగా తిడుతున్న గొంతు కాదది. మూడు రోజులుగా అరిగిపోయిన తిట్లు.

గంగుబాయి మెల్లగా ఇటు తిరిగింది. నరేందర్ తల్లి కన్నా పదేళ్లు చిన్నదై ఉంటుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఆత్మారాం పటేలుకు దండం వెట్టిన అని జెప్పు బిడ్డా. కొత్త బండి ఖరాబైందంట గదా."

నరేందర్ పండ్ల సంచీ మంచం పక్కన పెట్టాడు. అసలు ఎట్లా జరిగిందవ్వా అని అడిగాడు. మట్టి మీదే నడుస్తున్నట్టు అనిపించిందనీ, కానీ అందరూ అడ్డం పోయావంటున్నారు కాబట్టి పోయే ఉంటాననీ అంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే రోడ్డు నడుమ నడుస్తున్నట్టే కనిపిస్తోందనీ చెప్పింది.

సాయన్న కాగితం చదివి వినిపించమన్నాడు. సంతకం పెట్టడం వచ్చు గానీ చదవడం రాదట. నరేందర్ మడత విప్పాడు. పేర్లూ ఊరూ తేదీ గబగబా చదివేశాడు. తర్వాతి వాక్యం దగ్గర నెమ్మదించాడు. "నా భార్య గంగుబాయి నెత్తిన మోపుతో, వెనక వచ్చే బండ్లను చూసుకోకుండా, అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డంగా వచ్చినందున" అని చదివి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. చూస్తే మంచం మీద గంగుబాయి పెదవులు కదులుతున్నాయి. మోపుతో, చూసుకోకుండా, అడ్డంగా. మాటలు ఒక్కొక్కటిగా లోపల అనుకుంటోంది.

"ఎవరన్న అడిగితే గిట్లనే జెప్పాలె గదా," అంది, అతను చూస్తున్నాడని గమనించి. "ఇంకొక్కపారి సదువు బిడ్డా. నడిమిట్ల తప్పిపోయిన."

నరేందర్ మళ్లీ చదవలేకపోయాడు. కాగితంలో ఒక మాట తప్పు పడిందనీ, సరిచేయించి రేపు తెస్తాననీ అబద్ధం చెప్పాడు. పెట్టేస్తాను ఇటియ్యి, మళ్లీ వాళ్లకు కోపమొస్తుందేమోనని సాయన్న వెంటపడ్డాడు. నరేందర్ కాగితం జేబులో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

దుకాణానికి వచ్చి సంచిలోని తెరను బల్ల మీద పెట్టాడు. సుమన దాన్ని చూసి, వెనక్కి ఎందుకొచ్చిందని అడిగింది. అతను అంతా చెప్పాడు. ఆమె నోటుబుక్కు మూసి విన్నది. ఆకుపచ్చ వైరు సంగతి ఆమెకు తెలియనిది కాదు. నడుస్తున్నప్పుడు కూడా వీడియో వస్తుందని ఫోన్లలో కస్టమర్లకు చెప్పేది ఆమే.

మొదట ఆమె భయపడింది, భయంతో వాదించింది. ఆ వైరు నువ్వొక్కడివే కలుపుతున్నావా, ఊరంతా కలుపుతోంది అంది. బండి నడిపినవాడికి కళ్లు లేవా అంది. ఇది బయటపెడితే ఆత్మారాం ఒక్కడితో పోదు, బోధన్ వైపు నుంచి ఒక్క బండి రాదు, నీ మీదా కేసు పెడతారు, పదహారేళ్ల పేరు ఒక్కరోజులో పోతుంది అంది. ప్రతి మాటా నిజమే. నరేందర్ దేన్నీ కాదనలేదు. గుడ్డ తీసుకుని తెర మీద వేలిముద్రలు తుడుస్తూ కూర్చున్నాడు.

"ఆమె ఎట్లుంది?" అని చివరికి అడిగింది సుమన.

"తప్పు నాదే అని నేర్సుకుంటుంది," అన్నాడు. "బడి పిల్లలు పద్యం నేర్సుకున్నట్టు. నడిమిట్ల తప్పిపోతే మల్ల సదువమంటుంది."

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. పొద్దున నరేందర్ లేచేసరికి సుమన, దుకాణం నుంచి తెచ్చిన తెరను పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టి ఉంచింది. ఇంటినుంచి బయటపడుతుంటే, కప్లర్ మరిచిపోకు, వైర్లు కలిపే ఆ ముక్క లేకుండా అక్కడ ఎట్లా వెలిగిస్తావని మాత్రం అంది.

తీరా దారిలో చెరకు ట్రాలీ ఒకటి ఒరిగి రోడ్డు ఆగిపోయింది. నరేందర్ బైకును పొలం గట్టు మీద నుంచి తోసుకుంటూ వచ్చాడు. షెడ్డు చేరేసరికి పదకొండున్నర దాటింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, నెరిసిన మీసం. బ్రేకులు తొక్కి చూశాడు, స్టీరింగు తిప్పి చూశాడు, హారను, లైట్లు చూసి రాసుకున్నాడు. బానెట్ మీద కాగితాలు పెట్టి ఆఖరి సంతకం కోసం కలం తీస్తున్నాడు. ఆత్మారాం నరేందర్‌ను చూసి ఎదురొచ్చాడు. సంతకం అయిందా అని మెల్లగా అడిగాడు. కాలేదన్నా, అని పక్క నుంచి దాటి పోయాడు నరేందర్. ఇప్పుడు ఆగితే మళ్లీ కదలలేనని అతనికి తెలుసు.

తువ్వాలు విప్పి తెరను బానెట్ మీద, ఇన్‌స్పెక్టరు కాగితాల పక్కన పెట్టాడు.

"సార్, నేను స్టీరియో ఫిట్టర్ను. నిన్నటిదాంక ఈ బండిల గిది ఉండె. పాతది నిన్న నేనే వెట్టిన."

ఆత్మారాం అతని చెయ్యి పట్టుకున్నాడు. పట్టు గట్టిగా లేదు. ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టి, చూపించమన్నాడు. నరేందర్ సీటులో కూర్చుని పాత స్టీరియో ఊడదీశాడు. నిన్న ఆగని చేతులు ఇవాళ స్క్రూను రెండుసార్లు జారవిడిచాయి. కప్లర్ బిగించాడు, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు ఆనించి పట్టుకున్నాడు, తాళం తిప్పాడు. సన్నాయి వచ్చింది. పాప చేతులెత్తింది. వేళ్లు ఎడం చేయగానే బొమ్మ పోయి, నడుస్తున్నప్పుడు చూడరాదనే మాటలు వచ్చాయి. మళ్లీ ఆనించాడు, మళ్లీ పాప వచ్చింది. అంతకన్నా వివరించాల్సిన పని పడలేదు.

ఇన్‌స్పెక్టరు బండి ఎడమ పక్కకు పోయి అద్దం సందులోని ఆకు ముక్కలను, చక్రాల మడతలోని మట్టిని ఈసారి వంగి చూశాడు. తిరిగొచ్చి ఆ వైరు ఎవరు కలిపారని అడిగాడు. నేనే అన్నాడు నరేందర్. నీ మీద కూడా కేసు అవుతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాడు. ఎన్ని బండ్లకు ఇట్లా కలిపావని అడిగాడు. నరేందర్ నిజంగానే లెక్కపెట్టబోయాడు. నిన్నటి నుంచి వెనక్కి పోతూ పోయిన నెల దాకా వచ్చి, ఇక తల దించుకున్నాడు.

ఆత్మారాం స్టూలు మీద కూలబడ్డాడు. అరవలేదు, బెదిరించలేదు. కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది ఆ మొహంలో.

"సూస్కుంట పో అని నువ్వే అంటివి గదా నరేందర్."

"నేనే అన్న. గది గూడ రాయమంటున్న అన్నా."

తన ఫారంలో దీనికి గడి లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. తెల్లకాగితం ఇచ్చి, చూసిందీ చేసిందీ సొంత చేత్తో రాసివ్వమన్నాడు. దాన్ని రిపోర్టుకు జతచేసి స్టేషన్‌కు పంపుతానన్నాడు. నరేందర్ మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాడు. బిల్లులు తప్ప ఏమీ రాసి ఎరగని చెయ్యి, రెండు పక్కలు నింపడానికి చాలాసేపు పట్టింది. ఎడమ అద్దం గురించి, మట్టి గురించి, వైరు గురించి, నిన్న సెట్టు మార్చడం గురించి రాశాడు. ఈలోగా ఆత్మారాం ఎవరినీ ఉద్దేశించకుండా, నేల చూస్తూ చెప్పాడు. పాప కేకులో చెయ్యి పెడుతుందేమోనని చూస్తున్నాడట, అంతే. తల ఎత్తేసరికి అద్దం మీద ఆకులున్నాయట. ఇన్‌స్పెక్టరు ఆ మాటలు కూడా రాసుకుని, కింద సంతకం పెడతావా అని అడిగాడు. ఆత్మారాం చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, పెట్టాడు.

నరేందర్ దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. సాయన్న చాయ్ తేవడానికి కిందికి పోయాడట. గంగుబాయి అతన్ని చూసి, కాగితం సరిచేయించావా బిడ్డా అని అడిగింది. సగం వరకు అప్పజెప్పగలనని కూడా అంది. నరేందర్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి మంచం కింద డబ్బాలో వేశాడు. మంచం పట్టీ మీద కూర్చున్నాడు.

మొదట తన సంగతి చెప్పాడు. తెర ఏమిటో, వైరు ఏమిటో, అది తను కలపకపోతే ఆ బొమ్మ వచ్చేదే కాదని చెప్పాడు. ఆమెకు వైర్ల సంగతి ఎంత అర్థమైందో గానీ, మధ్యలో ఆపలేదు. తర్వాత ఆకు ముక్కల గురించి, చక్రానికి అంటిన మట్టి గురించి చెప్పాడు.

"నువ్వు అడ్డం రాలెవ్వా. బండే రోడ్డు దిగొచ్చి నిన్ను తాకింది. ఆత్మారాం అన్న గూడ ఒప్పుకున్నడు."

ఆమె రెప్ప వేయకుండా అతన్నే చూసింది.

"అంటే నేను పక్కకే ఉన్ననా?"

"పక్కకే ఉన్నవ్."

గంగుబాయి కొంగు మొహం మీదికి లాక్కుంది. ఎక్కిళ్లకు మంచం కదిలి కాలు కలుక్కుమన్నా ఏడుపు ఆపుకోలేకపోయింది. నొప్పికి ఇన్ని రోజులూ ఏడవని మనిషి అని పక్క మంచం ఆమె అంది. క్షమించమని అడుగుదామని నరేందర్‌కు నోటి దాకా వచ్చింది గానీ, అడగడానికి మొహం చెల్లలేదు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, సాయన్న వచ్చేదాకా ఆగమంది. ఇప్పుడు చెప్పిందంతా ఆయన ముందు మళ్లీ ఒకసారి చెప్పమంది.

సాయన్న రెండు కాగితపు కప్పులతో వచ్చాడు. నరేందర్ లేచి నిలబడి మొదటి నుంచీ చెప్పాడు. సాయన్న కప్పులు పట్టుకుని అట్లాగే నిలబడి విన్నాడు. గంగుబాయి నరేందర్ వైపు చూడలేదు, మొగుడి మొహమే చూస్తోంది. అంతా అయ్యాక సాయన్నకు ఏదో ఒకటి అనాలనిపించింది. మూడు రోజుల అలవాటు ఎక్కడికి పోతుంది, భార్య మీదికే తిరిగాడు.

"గట్లైతే మరి నువ్వు మొదలే ఎందుకు జెప్పలె?"

"జెప్పిన," అంది గంగుబాయి. "ఐతారం నాడే జెప్పిన. ఆటోల జెప్పిన. నొప్పికి ఏందో ఒర్రుతున్నవ్ అన్నవ్."

సాయన్న చేతుల్లోని కప్పుల వైపు చూశాడు. పక్క మంచం ఆమె ఇటే చూస్తోంది. నరేందర్ కిటికీ వైపు తిరిగాడు. గంగుబాయి మోచేతుల మీద కొంచెం పైకి జరిగి, దిండు సర్దుకుని, చెయ్యి చాపింది.

"సల్లారుతది. గా చాయ్ ఇటియ్యి."

సాయన్న వంగి కప్పు ఆమె చేతికి ఇచ్చాడు.